సెన్సర్ బాగానే ఉంది, మరి డబ్బా ఎందుకు ఆగింది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ఇంట్లో తయారు చేసుకునే డేటా లాగర్ గురించి రాశాం. సెన్సర్ చెప్పిన అంకెను తేదీ, టైముతో సహా రాసి పెట్టుకునే చిన్న డబ్బా, అంతకుమించి ఏమీ లేదు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: "రెండు రోజులు బాగా పనిచేసింది, తర్వాత ఆగిపోయింది." సెన్సర్ ఏది కొనాలో అందరూ నెలల తరబడి ఆలోచిస్తారు గానీ కరెంటు సంగతి మాత్రం ఏదో ఒక బ్యాటరీ తగిలిద్దాంలే అని ఆఖరి రోజుకు వదిలేస్తారు. అందుకే ఈసారి ఎక్కువగా కరెంటు ఉత్తరాలే తీసుకున్నాను.

ప్రశ్న: సార్, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, హైదరాబాద్. మా మిద్దె తోటలో మట్టి ఉష్ణోగ్రత కోసం ఈఎస్పీ32 బోర్డు (వైఫై ఉన్న బుల్లి కంప్యూటర్), డీఎస్18బీ20 సెన్సర్ పెట్టాను. పది నిమిషాలకోసారి రీడింగ్ తీసి వైఫైలో పంపుతుంది. 18650 లిథియం సెల్ కొత్తది, 2600 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు). ఉదయం ఎనిమిదింటికి పెడితే మర్నాడు సాయంత్రం నాలుగున్నరకల్లా చచ్చిపోతోంది. మూడు సెల్స్ మార్చాను, అదే తంతు. సెల్స్ నకిలీవంటారా?

జవాబు: నీ సెల్స్ తప్పేం లేదు బాబూ, పైగా వాటి మీద రాసిన లెక్క నిజమేనని నువ్వే రుజువు చేశావు. ఉత్తరంతో పాటు పంపిన ప్రోగ్రాం చూశాను. రీడింగ్ తీసి, పంపి, ఆ తర్వాత పది నిమిషాలు 'డిలే' పెట్టావు. డిలే అంటే నిద్ర కాదు, కళ్ళు తెరుచుకుని గోడకేసి చూస్తూ కూర్చోవడం. వైఫై కనెక్ట్ అయి ఉన్న బోర్డు ఊరికే కూర్చున్నా సుమారు 80 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. 2600ని 80తో భాగించు, ముప్పై రెండున్నర గంటలు. ఉదయం ఎనిమిది నుంచి లెక్కపెట్టుకో, నిమిషాలతో సహా సరిపోతుంది.

కాబట్టి డీప్ స్లీప్ పెట్టాలి, అంటే టైము చూసుకునే కాస్త భాగం తప్ప చిప్పంతా నిజంగా నిద్రపోవాలి. అయితే ఇక్కడే రెండో గుంట ఉంది, నేనూ అందులో పడ్డవాడినే. చిప్పు డేటాషీట్‌లో డీప్ స్లీప్‌లో 10 మైక్రో ఆంపియర్లు అని ఉంటుంది, అది చదివి ఇక ఏళ్ళ తరబడి నడుస్తుందని సంబరపడతాం. కానీ నువ్వు కొన్నది చిప్పు కాదు, బోర్డు. దాని మీద ఎప్పుడూ వెలిగే ఎర్ర ఎల్‌ఈడీ ఉంది, యూఎస్‌బీ చిప్పు ఉంది, వోల్టేజీని చిప్పుకు కావాల్సిన 3.3కి దించే ఏఎంఎస్1117 అనే రెగ్యులేటర్ ఉంది. ఆ రెగ్యులేటర్ ఏ పనీ చేయకుండానే 5 మిల్లీ ఆంపియర్ల దాకా తింటుంది. చిప్పు గుర్రు పెట్టి నిద్రపోతున్నా మొత్తం బోర్డు 10 మిల్లీ ఆంపియర్లు లాగుతూనే ఉంటుందనుకో, పదకొండు రోజులకు సెల్ ఖాళీ. దీనికి తోడు ఆ రెగ్యులేటర్‌కి 3.3 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి 4.4 దాకా రావాలి, నీ సెల్ నిండుగా ఉన్నప్పుడే 4.2. వైఫై ఆన్ అయిన క్షణంలో వోల్టేజీ కుంగి బోర్డు రీసెట్ అవుతుంది. స్క్రీన్ మీద 'బ్రౌన్‌ఔట్' అని కనిపిస్తే అదే. సెల్‌లో సగం ఛార్జి ఉండగానే లాగర్ చచ్చినట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

నువ్వు చేయాల్సింది, ఇవన్నీ ఉన్న ఈ డెవ్ బోర్డు పక్కన పెట్టి, అవేవీ లేని ఉత్త ఈఎస్పీ32 మాడ్యూల్ తీసుకో. రెగ్యులేటర్‌గా హెచ్‌టీ7833 వెయ్యి, అది తినేది 4 మైక్రో ఆంపియర్లే, 500 మిల్లీ ఆంపియర్ల దాకా ఇస్తుంది. మాడ్యూల్ కాళ్ళ దగ్గరే 470 నుంచి 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి అతికించు, వైఫై లాగే ఆ ఒక్క గుక్కను అది చూసుకుంటుంది.

ఇప్పుడు లెక్క చూడు. ప్రతి పది నిమిషాలకూ లేచి వైఫైలో పంపితే, ఒక్కోసారి ఐదు సెకన్లు 100 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే, రోజుకు 144 సార్లు, మొత్తం 20 ఎంఏహెచ్. నిద్ర ఖర్చు రోజంతా కలిపినా అర ఎంఏహెచ్. సెల్‌లో ఎనభై శాతమే వాడతామనుకున్నా వంద రోజులు వస్తుంది. ఇంకా సాగదీయాలంటే రీడింగ్ తీసిన ప్రతిసారీ పంపకు. ఈఎస్పీ32లో నిద్రలో కూడా చెరిగిపోని 8 కిలోబైట్ల మెమరీ ఉంది, అందులో ఆరు రీడింగులు దాచి గంటకోసారి ఒకేసారి పంపు. డీఎస్18బీ20కి కొలవడానికి ముప్పావు సెకను పడుతుంది కాబట్టి వైఫై లేకుండా ఒక సెకను మెలకువ చాలు. ఇలా చేస్తే రోజుకు 5 ఎంఏహెచ్ పైచిలుకు, అంటే కాగితం మీద ఏడాది. మిద్దె మీద ఎండకు, సెల్ తనంతట తాను దిగిపోవడానికి కొంత తీసేసినా ఎనిమిది తొమ్మిది నెలలకు ఢోకా ఉండదు.

ఇంకో మాట. నీ సర్క్యూట్ బొమ్మలో బ్యాటరీ వోల్టేజీ చూడటానికి రెండు 10కె రెసిస్టర్లు పెట్టావు. అవి పగలూ రాత్రీ 0.2 మిల్లీ ఆంపియర్లు కారుస్తాయి, రోజుకు 5 ఎంఏహెచ్. అంటే ఇంత కష్టపడి తగ్గించిన లాగర్ మొత్తం ఖర్చు ఎంతో, దాని కడుపు ఎంత నిండిందో చూసే రెండు రెసిస్టర్ల ఖర్చూ అంతే! మెగా ఓమ్ రెసిస్టర్లు వేసి, పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు.

నా మాట నమ్మి ఊరుకోకు, కొలువు. మల్టీమీటర్‌ను సెల్‌కి సిరీస్‌లో పెట్టి మైక్రో ఆంపియర్ రేంజిలో నేరుగా ఆన్ చేస్తే బోర్డు బూటే అవదు, మీటర్ లోపలే వోల్టేజీ పడిపోతుంది. మీటర్ రెండు ప్రోబులనూ ఒక వైరు ముక్కతో కలిపి ఉంచి, బోర్డు లేచి తన పని చేసుకుని నిద్రపోయాక ఆ వైరు తీసెయ్. అప్పుడు కనిపించే అంకే అసలు అంకె. మళ్ళీ లేచే టైముకు వైరు పెట్టెయ్. మొదటిసారి ఆ అంకె 14 మైక్రో ఆంపియర్ల దగ్గర నిలబడితే కలిగే ఆనందం పరీక్ష పాసైనా రాదు.

ప్రశ్న: అయ్యా, మాది భీమవరం దగ్గర పల్లె. ఆరెకరాల వనామీ రొయ్యల చెరువులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) చూసే సెన్సర్ పెట్టించాం. 10 వాట్ల సోలార్ ప్యానెల్, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, 4జీ మోడెం. ఎండ ఉన్నన్నాళ్ళూ ఫోనుకు రీడింగు బాగానే వచ్చేది. మొన్న ముసురు పడితే మూడో రోజు తెల్లారుజామున ఆగిపోయింది, సరిగ్గా అప్పుడే రొయ్య తేలింది. బిగించినవాళ్ళను అడిగితే "మబ్బుంటే అంతేనండి" అన్నారు. అంతేనా?

జవాబు: అంతే కాదండి. మబ్బు పట్టినప్పుడు పనిచేయని డీఓ మీటరు, వానొస్తే తడిసిపోయే గొడుగు లాంటిది.

మీకు తెలియని సంగతి కాదు, అయినా పట్నం పాఠకుల కోసం రాస్తున్నాను. చెరువులో పగలు ప్లాంక్టన్ (నీటిలో తేలే సన్నని నాచు) ఎండను వాడుకుని ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున ఉన్న బురద అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను తినేస్తాయి. అందుకే డీఓ సూర్యోదయానికి కాస్త ముందు అన్నిటికంటే కిందికి దిగుతుంది. మబ్బు పట్టిన రోజు పగలు తయారయ్యేదే తక్కువ, కాబట్టి ఆ రాత్రి ప్రమాదం ఎక్కువ. మీ ప్యానెల్‌కీ అదే ఎండ కావాలి. అంటే చెరువులో ఆక్సిజన్, గట్టు మీద బ్యాటరీ, రెండూ ఒకే రాత్రి అడుగంటేలా అమర్చి ఇచ్చారన్నమాట.

మీరు రాసిన అంకెల్ని బట్టి సెన్సర్ నిరంతరం 50 మిల్లీ ఆంపియర్లు, లాగర్, మోడెం కలిపి సగటున 60. రోజుకు 2.6 ఆంపియర్ అవర్లు. 10 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో అర ఆంపియర్ పైచిలుకు ఇస్తుంది, రోజుకు నాలుగున్నర గంటల గట్టి ఎండ అనుకుంటే వచ్చేదీ 2.6 దగ్గరే. రాబడి, ఖర్చు సమానం, దాచుకునేది సున్నా. ముసురు పట్టిన నాడు రాబడి నామమాత్రం. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నా రెండున్నర రోజులు, పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని మాటిమాటికీ సగం కంటే కిందికి దించితే ఏడాది తిరక్కుండా నీరసపడుతుంది.

మొదటి దారి ఖర్చు తగ్గించడం. సెన్సర్‌కు వెళ్ళే 12 వోల్టుల లైనును లాగరే ఆన్, ఆఫ్ చేసేలా మధ్యలో ఒక మాస్‌ఫెట్ స్విచ్ పెట్టించండి. పావుగంటకు రెండు నిమిషాలు ఆన్ చేసి రీడింగ్ తీస్తే చాలు. మోడెంను గంటకు రెండు నిమిషాలు లేపండి, డీఓ లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి జారితే మాత్రం టైముతో పని లేకుండా వెంటనే లేవాలి. ఇలా చేస్తే సగటు 22 మిల్లీ ఆంపియర్లకు వస్తుంది, సగం బ్యాటరీతోనే ఎండ మొహం చూడకుండా ఆరు రోజులు లాగుతుంది. మిగిలిన దాంట్లోంచి రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా ఐదు నిమిషాలకోసారి చూసుకోండి, పగలు ఎవడికి కావాలి అన్ని రీడింగులు! ఒక్క జాగ్రత్త: మీది ఆప్టికల్ సెన్సరో గాల్వానిక్ రకమో అయితే ఇలా ఆపి వెలిగించొచ్చు. పోలరోగ్రాఫిక్ రకమైతే కరెంటు ఇచ్చాక కుదురుకోవడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, దాన్ని ఆపకూడదు. సెన్సర్‌తో వచ్చిన పుస్తకం చూసి నిర్ధారించుకోండి.

రెండో దారి నాకు ఇంకా నచ్చింది. గట్టు మీద ఏరియేటర్లకు కరెంటు లైను ఉండనే ఉంది కదా, మరి సోలార్ ఎందుకు? అదే లైను నుంచి 13.6 వోల్టుల ఫ్లోట్ ఛార్జరు ఒకటి పెట్టి బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచండి. కరెంటు పోతే బ్యాటరీ మీద రెండు రోజులు నడుస్తుంది. అంతకంటే ముఖ్యం, కరెంటు పోయిన క్షణమే మీ ఫోనుకు మెసేజ్ వచ్చేలా చేయించండి. ఏరియేటర్లు ఆగాయని తెలియడం డీఓ పడిపోయిందని తెలియడం కంటే అరగంట ముందు మాట, ఆ అరగంటలో జనరేటర్ వేసుకోవచ్చు. మోటార్ల స్టార్టర్ పెట్టెలోంచే వైరు లాగకండి, స్టార్ట్ అయినప్పుడల్లా వచ్చే కుదుపుకు ఛార్జర్ పోతుంది. వేరే ఎంసీబీ, ఒక సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి.

ప్యానెల్ తీసేయాల్సిన పని లేదు, ఉండనివ్వండి. కాకపోతే దాన్ని దక్షిణానికి ఓ పదహారు పదిహేడు డిగ్రీలు వంచి పెట్టండి. మీరు పంపిన ఫొటోలో పీట వేసినట్టు పడుకోబెట్టి ఉంది, దాని మీద కొంగ రెట్టలు కూడా కనిపిస్తున్నాయి. ఇక సెన్సర్ మూతికి పాకుడు పడుతుంది, వారానికోసారి మెత్తని గుడ్డతో తుడవకపోతే ఎన్ని బ్యాటరీలు పెట్టినా అబద్ధమే చెబుతుంది.

ప్రశ్న: లాగర్‌కి 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ పెట్టాను. అర నిమిషం పనిచేసి ఆగిపోతుంది. పవర్ బ్యాంక్ ఫోనుకు బాగానే ఛార్జ్ చేస్తోంది. – ఓ గృహిణి, నెల్లూరు

జవాబు: అమ్మా, చాలా పవర్ బ్యాంకులు కరెంటు మరీ తక్కువగా పోతుంటే "ఫోను నిండిపోయింది" అనుకుని తమంతట తామే ఆగిపోతాయి. మీ లాగర్ ఎంత పొదుపుగా ఉంటే అంత త్వరగా ఆగుతుంది. తక్కువ కరెంటు తీసుకునే ఇయర్‌బడ్స్ లాంటి వాటి కోసం కొన్నిట్లో బటన్ రెండుసార్లు నొక్కితే వచ్చే మోడ్ ఉంటుంది, అదీ కొన్ని గంటలకు ఆగేదే ఎక్కువ. దాన్ని ఫోనుకే వదిలేసి, లాగర్‌కి మూడు ఏఏ సెల్స్ పెట్టండి.

ప్రశ్న: ఖమ్మంలో నాకు మందుల షాపుంది. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో మా అబ్బాయి లాగర్ పెట్టాడు. నిన్న రాత్రి చార్టులో 4, 5, 4, ఉన్నట్టుండి 85, మళ్ళీ 5. ఇంకోచోట మైనస్ 127. ఇంత స్టాకు పారేయాలా అని టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

జవాబు: నిజంగా 85 డిగ్రీలకు వెళ్ళి ఉంటే ఫ్రిజ్‌లో ఇన్సులిన్ కాదు, సాంబారు ఉండాలి! హాయిగా పడుకోండి. డీఎస్18బీ20 సెన్సర్ కరెంటు పోయి వచ్చిన వెంటనే, ఇంకా ఏమీ కొలవకముందే అడిగితే "85" అంటుంది, అది దాని పుట్టుకతో వచ్చిన అంకె. మైనస్ 127 అంటే సెన్సర్ అసలు పలకలేదని ప్రోగ్రాం పెట్టుకున్న గుర్తు. రెండూ కలిసి వస్తున్నాయంటే వైరు ఎక్కడో వదులుగా ఉంది, ఫ్రిజ్ తలుపు వేసినప్పుడల్లా రబ్బరు కింద నలిగే చోట చూడమనండి. డేటా, పవర్ వైర్ల మధ్య 4.7కె రెసిస్టర్ ఉందో లేదో కూడా. ఈ రెండు అంకెలు వస్తే రాయకుండా వదిలేసి ఇంకోసారి కొలవమని ప్రోగ్రాంలో చెప్పాలి, కానీ వచ్చిన సంగతి పట్టికలో వేరే గడిలో నమోదు కావాలి. మాయం చేస్తే వైరు పాడైందన్న కబురూ దాంతోపాటే మాయమవుతుంది.

లాగర్ డబ్బాను, బ్యాటరీని ఫ్రిజ్ బయట పెట్టండి, ప్రోబు మాత్రమే లోపల. చలిలో బ్యాటరీ నీరసిస్తుంది, డబ్బా లోపల చెమ్మ పట్టి సర్క్యూట్ పాడవుతుంది. ప్రోబును ఉత్తగాలిలో వేలాడదీయకుండా చిన్న సీసాలో గ్లిజరిన్ పోసి అందులో ముంచండి. తలుపు తీసినప్పుడు గాలి వేడెక్కినంత మాత్రాన ఇన్సులిన్ వేడెక్కదు, సీసాలో ప్రోబు మందు పడే పాటే పడుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచామని ఎవరికైనా చూపించాల్సి వస్తే అబ్బాయి తయారు చేసింది చెల్లదు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌తో వచ్చే లాగర్ ఒకటి కొనండి. అబ్బాయిది రెండో సాక్షిగా ఉంటుంది.

ప్రశ్న: మా స్కూల్లో పిల్లలతో రెండు వాతావరణ లాగర్లు పెట్టించాను. ఒకే రోజు టైము సెట్ చేసినా మూడు నెలల్లో రెంటికీ నాలుగు నిమిషాల తేడా వచ్చింది. ఒకదాంట్లో మెమరీ కార్డు ఫైలు తెరుచుకోవడం లేదు. – ఓ సైన్స్ టీచర్, కరీంనగర్

జవాబు: గడియారం చిప్పు డీఎస్1307 అయి ఉంటుంది మాస్టారూ. అది బయటి క్రిస్టల్ మీద ఆధారపడుతుంది, మీ ఊరి ఎండకు క్రిస్టల్ నడక మారుతుంది. డీఎస్3231 వేయండి, అది తన వేడిని తానే చూసుకుని దిద్దుకుంటుంది, ఏడాదికి నిమిషం అటూ ఇటూ, అంతే. కొనేటప్పుడు ఒకటి గమనించండి. చవగ్గా దొరికే నీలం రంగు డీఎస్3231 మాడ్యూళ్ళలో కాయిన్ సెల్‌ను ఛార్జ్ చేసే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది ఛార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 కోసం. మనం పెట్టేది మామూలు సీఆర్2032, దానికి 5 వోల్టుల లైను నుంచి ఛార్జ్ ఎక్కిస్తే ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. డయోడ్ పక్కనున్న 200 ఓమ్ రెసిస్టర్ పీకేస్తే గొడవ వదులుతుంది. పిల్లల చేతుల్లో ఉండే వస్తువు కాబట్టి ముందు ఈ పని చేయండి.

కార్డు సంగతి మళ్ళీ కరెంటుకే వస్తుంది. ఫైలు ఉదయం తెరిచి రోజంతా అలాగే ఉంచి, బ్యాటరీ అయిపోయినప్పుడు సగం రాతలో ఆగి ఉంటుంది. రాసిన ప్రతిసారీ ఫైలు మూసేయాలి, బ్యాటరీ ఒక హద్దు కిందికి వస్తే రాయడమే మానేయాలి. కార్డు రాసేటప్పుడు 100 మిల్లీ ఆంపియర్ల దాకా గుంజుతుంది, చావబోయే బ్యాటరీకి అదే ఆఖరి దెబ్బ. ఇప్పుడున్న కార్డును ఫార్మాట్ చేయకండి, కంప్యూటర్‌లో ఫైల్ రికవరీ ప్రోగ్రాం ఒకటి నడిపి చూడండి, పిల్లల మూడు నెలల కష్టం అందులో చాలావరకు దొరకొచ్చు.

ప్రశ్న: పొలంలో పెట్టిన డబ్బాకు ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి రావని గుర్తు) అని రాసి ఉంది. అయినా లోపల నీళ్ళు, చీమలు. ఎలా? – రైతు, మదనపల్లె

జవాబు: డబ్బా ఐపీ65యే, మీరు వైరు కోసం కొట్టిన రంధ్రం కాదు. నా మొదటి లాగర్ మామిడి తోటలో ఇలాగే పోయింది. నాలుగు నెలల తర్వాత మూత తీస్తే సర్క్యూట్ కనిపించలేదు, ఎర్ర చీమలు గుడ్లతో సహా కాపురం పెట్టాయి, బ్యాటరీ కాళ్ళు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. అప్పట్నుంచి రంధ్రం ఎప్పుడూ డబ్బా అడుగునే కొడతాను, వైరు చుట్టూ బిగుసుకునే కేబుల్ గ్లాండ్ వేస్తాను, వైరు గ్లాండ్‌లోకి వెళ్ళే ముందు ఒకసారి కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళేలా ఉంచుతాను, నీటి చుక్క ఆ వంపు దగ్గరే జారిపోతుంది. లోపల ఒక సిలికా జెల్ పొట్లం. డబ్బాను ఎండలో కాకుండా గుంజకు నీడపట్టున బిగించండి, 18650 సెల్‌కి వేడి పడదు. చీమల కోసం గుంజ చుట్టూ జానెడు ఎత్తున గ్రీజు పూయండి, నెలకోసారి మళ్ళీ పూయాలి.